అమ్మ తోలు అంటదన్నారు

వాన మొహం చాటేసిన ఏడు అది. చేనిలో బతికిన నాలుగు చెనక్కాయ చెట్లు పీకి తెచ్చి, అమ్మ కాయలు ఉడకేసింది. నాకప్పుడు ఏడేళ్లు, ఒట్టి తిండిపోతును. ఆగలేక కుండ వంచబోయి, మసిలే నీళ్లు ఎడమ చేతి నిండా ఒంపుకున్నాను. మా అవ్వ, అంటే నాన్న తల్లి, దోసెపిండి పూసింది. దాంతో ఏమీ కాలేదు. చివరికి కర్ణాటకలోని వై.ఎన్.హొసకోటలో బస్సెక్కించి పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు.

అక్కడ ఒకరోజు మత్తు దిగి చూసుకుంటే తొడకు కూడా కట్టుంది. కాలింది చేయి, కోసింది తొడ. పైగా చేతికన్నా తొడే ఎక్కువ మండుతోంది. మోకాలికీ బోడిగుండుకూ ముడిపెట్టారనిపించి ఒళ్లు మండింది. తొడ మీద పలచగా తోలు తీసి చేతికి అతికించారట. బాగున్న చోట పుండు చేసి పుండు మాన్పడమేమిటని అమ్మ నర్సును రోజూ అడిగేది.

కోయకముందు, తన తోలు తీసుకోమని అమ్మ డాక్టరును కన్నడంలో బతిమాలిందట. కన్నతల్లిదైనా కొన్నాళ్లకు ఊడిపోతుంది, బిడ్డకు బిడ్డ తోలే నిలుస్తుంది అన్నాడట ఆయన. ఇదంతా నాకు చెప్పింది అవ్వే. చెప్పి ఊరుకోక, నన్ను నవ్వించాలని ఒక మాట తగిలించింది.

"తవుడు పోసి కొన్న బిడ్డకు ఈయమ్మ తోలు యాడ అంటుతాదిలే."

మా వైపు పిల్లలందరినీ అలాగే ఉడికిస్తారు. మామూలుగా ఎవరూ నమ్మరు. నేను నమ్మాను. డాక్టరే చెప్పాక ఇంకేముంది? రెండు రోజులు అమ్మ పెట్టిన ముద్ద ముట్టలేదు. నయమయ్యాక నన్ను ఎవరికి అప్పజెబుతారోనని భయం.

మూడోరోజు అడిగేశాను, నేను నీ బిడ్డనేనా అని. నవ్వుతుందనుకున్నాను. అమ్మ నవ్వలేదు, నా కట్టు వైపే చూస్తూ కూర్చుంది.

"నిన్ను కనింది నేనే పాపా. నా తోలు నీకేల అంటదో నాకూ అర్థం కాలా."

నా కుడిచేయి పట్టుకుని తన తొడ మీద పెట్టుకుంది.

"ఈడ తీసుకోండని చెప్పినా."

కరువుకు ఇంటిల్లిపాదీ ఎండిపోయిన రోజులు. చీర కింద నా చేతికి ఎముకే తగిలింది. తీయడానికి అక్కడ ఏముందో నాకు అర్థం కాలేదు. ఏడుపు మాత్రం ఆగలేదు.