భోగాపురం ఇసుకలో పరుగు

పంతొమ్మిది వందల అరవై ఎనిమిది ఎండాకాలంలో భోగాపురం దగ్గర సముద్రపొడ్డున ట్రక్కు దిగాను. రెండు గుడారాలు, ఒక వైర్‌లెస్ సెట్టు, ఇసుక బస్తాల గోడ. పట్టాళం వాళ్లం మొత్తం నలుగురం. మాది ఎచ్చెర్ల. సొంత గాలి తగిలే చోట డ్యూటీ పడిందని సంతోషించాను. ఆ సంతోషం మర్నాడు పొద్దున్న నాలుగున్నర దాకే ఉంది.

మా హవల్దారుది శ్రీముఖలింగం పక్క. నాలుగున్నరకల్లా అందరినీ లేపాడు. బూట్లు వేసుకుని, తీరం వెంట ఉత్తరాన ఉన్న జాలరిపేట దాకా పరిగెత్తి రావాలి. పొడి ఇసుకలో కాలు చీలమండ దాకా దిగబడుతుంది. మొదటిరోజు సగం దారిలో వాంతి చేసుకున్నాను.

పని తక్కువేం కాదు. పగలంతా సముద్రం మీద కాపలా. ఉప్పుగాలికి తుప్పు పట్టే సెట్టును తుడవాలి. దూరపు నుయ్యి నుంచి నీళ్లు మొయ్యాలి. రాత్రి వంతులవారీ సెంట్రీ. ఒకరోజు, పరుగుకు తీరిక లేదన్నాను. ఆయన కోప్పడలేదు.

"పరిగెత్తమని నాను సెప్పన్రా. బూట్లు తొడుక్కో, లేసు కట్టుకో. అప్పుడు కూకోవాలనిపిస్తే కూకో."

లేసు కట్టాక కూర్చోబుద్ధి కాలేదు. లేచాను. అలసిన ప్రతి పొద్దునా ఆ మాటే నన్ను లేపింది.

జాలర్లకు నేనొక వేడుక. పడవ నడిపించే పెద్దను అక్కడ తండేలు అంటారు. ఆయన నన్ను చూసినప్పుడల్లా వల సర్దుకుంటూ కేకేసేవాడు.

"ఎవులు తరుముతన్నారు బాబూ నిన్ను?"

చెయ్యి ఊపి, ఆగకుండా వెనక్కి తిరిగేవాణ్ణి.

కార్తీకంలో ఒక వేకువన సెట్టు పలికింది. ఆపరేటరు విని, పెద్ద గాలివాన వస్తోందని, పడవలు సముద్రంలోకి పోకూడదని చెప్పాడు. జాలర్లు బయల్దేరే వేళ అయింది. మాకు జీపు లేదు. హవల్దారు నావైపు చూశాడు.

"ఎల్లు."

రైఫిలు వదిలి పరిగెత్తాను. ఆకు కదలడం లేదు. సముద్రం నూనె పోసినట్టుంది. అంత దూరమూ ఒక్కసారీ నడవలేదు. పేట చేరేసరికి మొదటి పడవ అప్పుడే నీళ్లు తాకుతోంది. దాని అంచు పట్టుకుని నిలబడ్డాను. ఊపిరి అందాక సంగతి చెప్పాను.

కుర్రాళ్లు నమ్మలేదు. ఇంత నెమ్మదిగా ఉన్న సముద్రంలో గాలివానేమిటన్నారు. వేట మానితే ఆ పూట పొయ్యి వెలగదన్నారు. తండేలు మాత్రం నా ముఖంలోకే చూశాడు.

"ఈ బాబు రోజూ వస్తాడు. ఏనాడూ ఆగనేదు. ఇయాల ఆగాడంటే ఏటో ఉన్నాది. నావలు పైకి లాగండ్రా."

మధ్యాహ్నానికి ఆకాశం విరిగి పడింది. పేటలో కప్పులు లేచిపోయాయి. మా గుడారాలూ పోయాయి. సముద్రంలో మాత్రం ఒక్క మనిషీ లేడు. వాన తగ్గాక హవల్దారు తన చేత్తో టీ కాచి మొదటి గ్లాసు నాకిచ్చాడు. ఏ పతకమూ నాకంత గర్వాన్ని ఇవ్వలేదు.

కొన్నేళ్లకు పట్టాళం వదిలి ఇల్లు చేరాను. పొలం, మిల్లులో ఉద్యోగం, పిల్లలు. ఊపిరి సలపని రోజులు ఎన్నో. అయినా ఎచ్చెర్ల రోడ్డు మీద ఇప్పటికీ పొద్దున్నే పరిగెడతాను. ఈ వయసులో ఎందుకని ఊళ్లోవాళ్లు అడిగితే, గాలివాన కంటే ముందు చేరిన కాళ్లివి, వీటిని మూల కూర్చోబెట్టలేనంటాను.

ఒక్కటి మాత్రం కళ్ల ముందు నుంచి పోదు. ఆ వేకువన గుడిసెల్లోంచి ఆడవాళ్లు కొంగులు దోపుకుని వచ్చారు. మగవాళ్లతో కలిసి పడవ తాడు అందుకున్నారు. తాడు మీద చోటు దొరకని ఒక ముసలమ్మ, ముందున్న మనిషి నడుం పట్టుకుని, మడమలు ఇసుకలో తన్ని, తనూ పడవను ఒడ్డుకు లాగుతోంది.