మంచం కింద పొదిగిన పెట్ట

కిందటి ఎండాకాలం మా అత్తయ్యగారు బాత్‌రూమ్ గుమ్మంలో జారిపడ్డారు. తుంటి ఎముక విరిగితే రాజమండ్రిలో ఆపరేషన్ చేయించి ఇంటికి తీసుకొచ్చాం. మా ఆయన పోలవరంలో క్రేన్ నడుపుతారు. ఆదివారం తప్ప ఇంటికి రారు. నేను మా ఊరి రైస్ మిల్లులో కంప్యూటర్ మీద బిల్లులు కొడతాను. పొద్దున్నే ఆవిడకి ఒళ్లు తుడిచి, బట్టలు మార్చి, టిఫిన్ తినిపించి మిల్లుకి పరుగెత్తడం, మధ్యాహ్నం అన్నం పెట్టడానికి రావడం, మళ్లీ పోవడం. ఆ రోజులు తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది నడుం నొప్పి.

సరిగ్గా అప్పుడే నల్లపెట్ట పొదుగుకొచ్చింది. ఇంట్లో కోళ్లన్నీ అత్తయ్యగారివే. ఆ పెట్ట వచ్చి ఆవిడ మంచం కిందున్న గోనెసంచి మీద కూర్చుని ఇంక లేవనంది. చెయ్యి పెడితే ఈకలన్నీ విప్పి, గుర్రుమని పొడిచేది.

"నాలుగుసార్లు చన్నీళ్లలో ముంచి వదిలేద్దామండీ. అదే మరిచిపోతుంది" అన్నాను.

"కూర్చుంటానన్నదాన్ని లేపుతానంటావేంటమ్మాయ్? గుడ్లు వెయ్యి."

"ఈ ఎండలకి మురిగిపోతాయండీ."

"నేను చూసుకుంటాలే."

పక్కకి ఒత్తిగిలాలన్నా నా చెయ్యి కావాల్సిన మనిషి ఏం చూసుకుంటారో నాకు తెలీలేదు. వాదించే ఓపిక లేక సరేనన్నాను. గంపలో ఇసుక పోసి గడ్డి పరిచాను. ఆవిడ పడుకున్నచోటినుంచే ఒక్కో గుడ్డూ చెవి దగ్గర ఊపి, కిటికీ వెలుతురుకి పట్టి చూసి ఏరారు. ఉరుములకి చెడిపోకుండా గంపలో ఓ ఇనుప మేకు వేయించారు. వేయించాక కళ్లు మూసుకుని ప్రార్థన కూడా చేశారు.

"మేకు వేశాం కదండీ, మళ్లీ ప్రార్థనెందుకు?" అన్నాను.

"రెండూ ఉండనీ" అన్నారు.

పొదిగే కోడికి తిండి ధ్యాస ఉండదు. రోజూ దాన్ని ఎత్తి పెరట్లో దింపి, నూకలు చల్లి, నీళ్లు పెట్టి, అది తిని మళ్లీ గంపెక్కేదాకా కాపలా కాయాలి. ఎత్తినప్పుడల్లా కోడిపేలు నా మోచేతుల దాకా పాకేవి. మంచం పక్కన బెడ్‌పాన్, మంచం కింద కోడి రెట్ట. ఆ రెండూ కడిగి స్నానం చేసి మిల్లుకెళ్తే కుర్చీలోనే కునుకొచ్చేది. ఇంటికొచ్చే ఫిజియోథెరపీ అమ్మాయి లేచి కూర్చోమంటే అత్తయ్యగారు మాత్రం "రేపు చూద్దాంలేమ్మా" అని గోడవైపు తల తిప్పేసేవారు.

కొన్నాళ్లకి కరెంటు పోయిన ఓ సాయంత్రం, ఫోన్ టార్చ్ మీద గుడ్లు పెట్టి చూడమన్నారు. కొన్ని ఉత్తివే, వాటిని తీసేశాను. తక్కినవాటిలో ఎర్రటి సన్న నరాలు, వాటి మధ్య కదిలే చిన్న చుక్క. పని మరిచిపోయి చాలాసేపు చూశాను. తలెత్తేసరికి దొడ్లో అంట్లు ఎక్కడివక్కడే ఉన్నాయి.

పిల్లలు దిగింది ఆదివారం నాడు. నేను చర్చికి వెళ్లలేకపోయాను. పొద్దుటికే చాలావరకు పిల్లలయ్యాయి. తడారినవాటిని వెంటేసుకుని పెట్ట పెరట్లోకి వెళ్లిపోయింది. గంపలో రెండు గుడ్లు మిగిలాయి. రెండింటికీ పెంకు కొంచెం చిట్లి ఉంది, లోపలినుంచి సన్నగా కీచుమంటున్నాయి. పెట్టని తెచ్చి కూర్చోబెడితే గుడ్లు తొక్కుకుంటూ దూకేసింది.

"వదిలేద్దామండీ. తల్లే వదిలేసింది" అన్నాను. నిజంగా నాకు ఇంక చేతకాలేదు.

"ఇలా తే."

"పడుకుని ఎలా పట్టుకుంటారండీ? నలిగిపోతాయి."

"అయితే నన్ను కూర్చోబెట్టండి" అన్నారు.

మా ఆయనా నేనూ చెరో పక్కా పట్టుకుని లేపాం. నొప్పికి ఆవిడ నా భుజం గట్టిగా పట్టుకుని అరిచారు. వెనక దిండ్లు పెట్టాక, పాత నేతచీర మడతలో గుడ్లు పెట్టుకుని పొట్టకి ఆనించుకున్నారు. పెంకు ఆరిపోతే పిల్ల అతుక్కుపోతుందని, గోరువెచ్చటి నీళ్లలో గుడ్డ తడిపించి మధ్యమధ్య అద్దారు. నేను మంచం కోడుకి వీపానించి కింద కూర్చున్నాను. ఎప్పుడు నిద్రపోయానో తెలీదు.

లేచేసరికి ఎండ వాలింది. ఆవిడ అలాగే కూర్చుని ఉన్నారు. ఒడిలో ఒక పిల్ల తడితడిగా తల వాల్చి పడుకుంది. రెండో గుడ్డులో చప్పుడు లేదు.

"దీనికి ఓపిక అయిపోయిందమ్మాయ్" అన్నారు, నా చేతిలో పెడుతూ.

దాన్ని పెరట్లో బీరపాదు పక్కన పూడ్చి వచ్చాను. బతికినదాన్ని చీకటి పడ్డాక పెట్ట రెక్క కిందికి తోస్తే అది ఏమీ అనలేదు. ఆ పూట అత్తయ్యగారు కూర్చునే, తన చేత్తో అన్నం కలుపుకుని తిన్నారు. మా ఆయన నన్నూ తినమన్నారు గానీ నాకు కంచం ముందు కూర్చునే ఓపిక లేకపోయింది.

పిల్లల్లో కొన్నిటిని గద్ద ఎత్తుకుపోయింది. మిగిలినవి పెరిగాయి. చీర మడతలో పుట్టిన పిల్ల ఏదో తర్వాత మేం ఆనవాలు పట్టలేకపోయాం. వానలు పడ్డాక అత్తయ్యగారు వాకర్ పట్టుకుని పెరటి గుమ్మం దాకా వచ్చి, అక్కడ కుర్చీ వేయించుకుని గద్దలని అదిలించడం మొదలుపెట్టారు. ఇప్పటికీ స్నానం నేనే చేయించాలి. కాకపోతే మధ్యాహ్నం ఇంటికొచ్చినప్పుడు, ఆవిడ బయట కూర్చున్న కాసేపూ ఆ ఖాళీ మంచం మీద నేను నడుం వాలుస్తున్నాను.