ఇంట్లోంచి పోయే పొలిమేర

మొన్న ఎల్బీనగర్ మెట్రో స్టేషన్ దగ్గర ఆటో ఎక్కి మా ఊరి పేరు చెప్పాను. డ్రైవరు ఫోనులో వెతికి, "గా పేరుతోని ఊరు లేదమ్మా, కాలనీ పేరు చెప్పు" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. నేను పుట్టిన ఊరు లేదనడానికి ఆ ఫోనెవరు? "అది చూపకపోతే పాయె, నేను చూపిస్త, నడువు" అన్నాను. దారి పొడవునా కుడిపక్క ఎర్రచెలక, ఎడమపక్క ఈదులమడి, ఆ బట్టల షోరూం కింద గొల్లబండ అని పాత చేల పేర్లు చెబుతూనే ఉన్నాను. పాపం, అతను రోడ్డు కన్నా అద్దంలో నన్నే ఎక్కువ చూశాడు.

ఈ తిక్క నాకు మా మేనత్త నుంచి వచ్చింది. ఎనభైల్లో దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఇటువైపు ప్లాట్ల జ్వరం పాకినప్పుడు మా ఊరివాళ్లు చేలకు చేలే అమ్మేశారు. జొన్నలు పండిన చోట సున్నం పూసిన రాళ్లు మొలిచాయి. మా నాన్న ఎర్రచెలక అమ్మి స్కూటరు కొన్నాడు. చెలకలో కోస్తా నుంచి వచ్చిన ఉద్యోగస్తుల కాలనీ లేచింది, చుట్టూ ప్రహరీ, ముందు గేటు. మా ఊరి పొలిమేర సరిగ్గా ఆ చెలక మీదుగా పోతుందన్న సంగతి అమ్మేటప్పుడు ఎవరికీ గుర్తు రాలేదు.

మా ఊరి పండుగకు వేపాకు కలిపిన పసుపన్నం గంపలో పెట్టుకుని, "పొలి, పొలి" అని కేకలేస్తూ ఊరి హద్దంతా చల్లుకుంటూ రావాలి. హద్దు మీదే నడవాలి, వెనక్కి తిరగకూడదు. చుట్టు పూర్తయితేనే రోగాలు ఊళ్లోకి రావని నమ్మకం. ఒక ఏడు వానకు జడిసి మగవాళ్లు చుట్టు సగంలో ఆపేశారట. ఆ ఏడే మేనత్త ఒక్కగానొక్క కొడుకు వాంతులూ విరేచనాలతో పోయాడు. నమ్మకమో కాదో నాకు తెలియదు కానీ, ఆమె ముందు దాన్ని కాదనే ధైర్యం ఎవరికీ లేదు.

కాలనీ వచ్చాక మొదటి పండుగకు అక్కడి పెద్దమనిషి మమ్మల్ని గేటు దగ్గరే ఆపాడు. "ఇలాంటివి మా లోపలికి కుదరవండీ" అన్నాడు, మర్యాదగానే. గంప ఎత్తుకున్న నాన్న తల వంచుకుని, "రోడ్డు మీదికెల్లి తిరిగి పోదాం అక్కా. అమ్మినంక మనకేం హక్కున్నది?" అన్నాడు.

"నువ్వు చెలక అమ్మినవ్. పొలిమేర అమ్ముమని నీకెవలు చెప్పిండ్రు?" అంటూ మేనత్త గంప లాక్కుని తన నెత్తిన పెట్టుకుంది. ఆడవాళ్లు గంప ఎత్తే ఆనవాయితీ లేదని ఎవరో గొణిగారు. "ఎత్తినంక గూడ లేదంటవేంది?" అని ఆమె గేటు తోసుకుని నడిచింది. వెనకే మేమూ, డప్పులూ. పెద్దమనిషి పక్కకు జరిగాడు, ఇంకేం చేస్తాడు! హద్దు నేరుగా పోయి ఒక కొత్త ఇంటి వీధి తలుపుకు తగిలింది.

తలుపు తీసిన ఇల్లాలు మమ్మల్ని చూసి బిత్తరపోయింది. ఆమెతో మాత్రం మేనత్త మెత్తగా మాట్లాడింది. "బిడ్డా, చుట్టు సగంల ఆపిన ఏడే నా కొడుకు పోయిండు. నీ పిల్లలు గూడ గీ హద్దు మీదనే ఉన్నరు. జర తొవ్వ ఇయ్యి." ఆవిడ లోపల ఆడుకుంటున్న పిల్లలవైపు చూసింది. "ఒక్క నిమిషం పిన్నిగారూ, మంచం అడ్డం తీస్తాను" అంది.

మేనత్త హాల్లోంచి, వంటింటి గడప ముందు నుంచి అన్నం చల్లుకుంటూ పెరట్లోకి వెళ్లింది. అక్కడ ప్రహరీ అడ్డం. ఇల్లాలు స్టూలు తెచ్చి వేసింది. మేనత్త చీర కొంగు బిగించి గోడెక్కి అవతలికి దిగింది. ఆమెకు గంప అందించింది మా నాన్నే. అప్పుడు ఇల్లాలు కేకేసి అడిగింది: "ఇంతకీ మా ఇల్లు మీ ఊరి లోపలా, బయటా అండీ?" మేనత్త వెనక్కి తిరగకుండానే చెప్పింది: "వంటింటి దిక్కు మా ఊరు, పడకింటి దిక్కు పక్కూరు. పిల్లల్ని వంటింటి దిక్కు పండవెట్టు." అందరం నవ్వాం. నాన్న మాత్రం కళ్లు తుడుచుకున్నాడు. మధ్యాహ్నానికి చుట్టు పూర్తయింది.

ఆ ఇల్లు ఇప్పుడు అపార్ట్‌మెంటు. హద్దు మీద లిఫ్టు ఉంది. మేనత్త పోయాక గంప నా నెత్తికి వచ్చింది. ఏటా వాచ్‌మన్ ఆపుతాడు, ఏటా నేను లోపలికి పోతాను. కాలం ముందుకే పోతుందంటారు. పోనీయండి. మేం మాత్రం చుట్టూ తిరిగే ఇంటికి వస్తాం.