ప్రార్థనలో నా మెడ నొక్కిన చెయ్యి

అపవిత్రాత్మలు ఉన్నాయని లేఖనం చెబుతుంది, అది నమ్ముతాను. చనిపోయినవాళ్లు తిరిగొచ్చి మనుషుల్ని తాకుతారంటే మాత్రం ఏనాడూ నమ్మలేదు. అలాంటి కబుర్లు మొదలైతే లేచి వెళ్లిపోయేదాన్ని.

ఇది పంతొమ్మిది వందల ముప్పైల నాటి మాట. కలిదిండి దగ్గర మేం అద్దెకున్న ఇంట్లో ఆదివారం మధ్యాహ్నం ప్రార్థన కూటం జరిగేది. ఆ రోజు చివరి వరసలో మోకరించాను. నా పాదాలు వెనక గోడకు తగులుతున్నాయి. కళ్లు మూసుకోగానే ఎవరో వెనకనుంచి రెండు వేళ్లతో మెడ ఎడమ పక్కన నొక్కారు, మామిడికాయ పండిందో లేదో చూసినట్టు. గాజుల చప్పుడైంది.

ఆమేన్ అనగానే పక్కనున్న వదినని అడిగాను. "ప్రార్థనలో నా మెడ నొక్కుతారేంటండీ?"

"ఒళ్లో పిల్లదుంది. నాకు మూడో చెయ్యి ఎక్కడిదమ్మా?" అన్నారు వదిన నవ్వుతూ.

నాకు నవ్వు రాలేదు. మా సంఘంలో ఆడవాళ్లెవరూ గాజులు వేసుకోరు.

ఆ చోట తడుముకుంటే చింతగింజంత గడ్డ దొరికింది. నొప్పి లేదు. గుటక వేస్తే పైకీ కిందికీ కదులుతోంది. "కంటికే కనబడటం లేదు, వదిలెయ్" అన్నారు మా వారు. ఆ వారమంతా వంట దగ్గరున్నా, పిల్లలకు వాక్యాలు చెప్పిస్తున్నా, నా వేళ్లు మెడమీదే.

తర్వాతి ఆదివారం అదే చోట, అదే చప్పుడు. మూడో ఆదివారం ఊపిరాడనంతగా నొక్కింది. కెవ్వుమన్నాను. మర్నాడే కొల్లేటి మీద పడవెక్కి ఏలూరు వెళ్లాం.

థైరాయిడ్ గ్రంథిలో పుట్టిందనీ, రాచపుండు కావచ్చనీ డాక్టరమ్మ చెప్పారు. కోస్తే గొంతు పోవచ్చు, కోయకపోతే ప్రాణం. "ఇంత చిన్నగా ఉండగా ఎవరూ రారండీ. ఎవరు కనిపెట్టారు?" అని అడిగారు.

గడ్డ తీశారు. రాచపుండే. ప్రాణం దక్కింది, గొంతు బొంగురుపోయింది.

తిరిగొచ్చాక సంఘపెద్ద సాక్ష్యం చెప్పమన్నారు. "ప్రభువు హస్తమే ముట్టిందని చెప్పమ్మా. నలుగురి విశ్వాసం బలపడుద్ది."

లేచి నిలబడి దేవుణ్ణి స్తుతించాను. చెయ్యి మాట దాకా వచ్చాను. ప్రభువు చేతికి గాజులున్నాయని ఎలా చెప్పను? అబద్ధసాక్ష్యం పలకకూడదు కదా. కూర్చుండిపోయాను.

ఆ ఇంట్లో మాకు ముందు ఎవరుండేవారో కనుక్కుంటానన్నారు మా వారు. వద్దన్నాను.

ప్రభువే పంపాడని నమ్ముతున్నాను. ఎవరిని పంపాడో అడగడానికి మాత్రం ఇన్నేళ్లయినా ధైర్యం చాలడం లేదు.