యాదమ్మ కార్డులో తెల్లగోడ

మూసాపేటలో మా ఇల్లు శ్మశానం ప్రహరీని ఆనుకునే ఉంటుంది. నేను పుట్టి పెరిగింది అక్కడే. ఇంటర్ పరీక్షలకు మేడ మీద కూర్చుని, కింద కాలుతున్న చితులను చూస్తూనే చదువుకున్నాను. ఎవరైనా దయ్యాల మాటెత్తితే నాకు నవ్వొచ్చేది. ఇన్నేళ్లలో ఒక్కటీ మా గోడ దూకి రాలేదు మరి.

ఇప్పుడు చెప్పేది కూడా దయ్యం కథ అని నేననను. ఏమిటో నాకు తెలియదు, అంతే.

రాయదుర్గంలో ఓ ఐటీ కంపెనీలో నేను అడ్మిన్ విభాగంలో పనిచేస్తాను. గుర్తింపు కార్డులు తయారు చేయించే పని నాదే. ఆరో అంతస్తులో ఒక తెల్లగోడ ముందు అందరినీ నిలబెట్టి ఫోటోలు తీస్తాం. బ్రౌజర్‌లో ఓ వెబ్‌సైట్ తెరిచి అన్నీ ఒకేసారి ఎక్కిస్తాను. అది ఒక్కొక్క ఫోటోలో ముఖం ఎక్కడుందో వెతికి దాని చుట్టూ బాక్స్ గీస్తుంది. ఒక్క బటన్ నొక్కితే అన్నీ కార్డు సైజుకు కత్తిరించి ఇస్తుంది. వంకరగా వచ్చినవి ఒకటో రెండో ఉంటే విడిగా సరిచేస్తాను.

పోయిన ఏడాది వేసవిలో హౌస్‌కీపింగ్ వాళ్లకు కొత్త కార్డులు ఇవ్వాల్సి వచ్చింది. నలభై చిల్లర ఫోటోలు. అన్నింటికీ బాక్స్ ముఖం మీదే పడింది, యాదమ్మ ఫోటోకు తప్ప. అది ఆమె కుడి భుజం పక్కన, ఆమె తలకంటే కాస్త ఎత్తులో, ఖాళీ గోడ మీద పడింది.

బాక్స్‌ను ఆమె ముఖం మీదికి లాగి సేవ్ చేసి, పని అయిపోయిందనుకున్నాను.

రెండు రోజులకు కార్డులు అచ్చయి వచ్చాయి. మధ్యాహ్నం యాదమ్మ నా సీటు దగ్గరికి వచ్చింది. యాభైకి దగ్గర పడిన మనిషి. ఆఫీసుకు దగ్గర్లోని కొత్తగూడ వాళ్లే, తాతల నాటి నుంచీ. ఎప్పుడూ గట్టిగా మాట్లాడి ఎరగదు.

"మేడం, నా ఫోటో ఏడికి పోయింది? గిది ఉత్త తెల్లగున్నది."

కార్డు మీద పేరుంది, నంబరుంది. ఫోటో ఉండాల్సిన చోట గోడ ఉంది.

నేను సరిచేసిన మాట నాకు బాగా గుర్తు. అందుకే మా సిస్టమ్స్ చూసే రెడ్డెప్పను పిలిచాను. కడప అబ్బాయి, దేన్నీ ఊరికే నమ్మడు. ఇద్దరం కూర్చుని చూశాం. యాదమ్మ ఫోటో ఒక్కటే ఎక్కించినా బాక్స్ గోడ మీదే. బ్రౌజర్ మార్చినా, రెడ్డెప్ప లాప్‌టాప్‌లో చేసినా అక్కడే. ఫోటోలోంచి గోడ భాగం తీసేసి ఆమెను మాత్రమే ఉంచితే బాక్స్ చక్కగా ఆమె ముఖం మీద పడింది. ఆమెను తీసేసి ఉత్త గోడ ఉంచితే, ఇందాక ఎక్కడ పడిందో మళ్లీ అక్కడే పడింది.

"గోడ మీద వెలుతురు పడింటాదిలే అక్కా," అన్నాడు రెడ్డెప్ప. "మిషనే కదా, తప్పు పోతాది. ఇంకో చోట తీసి చూద్దాం పా."

మీటింగ్ గదిలో నీలం తెర ముందు యాదమ్మను నిలబెట్టి నా ఫోన్‌తో మళ్లీ తీశాను. బాక్స్ ఆమె కుడి పక్కనే పడింది. రెండడుగులు ఎడమకు జరగమన్నాం. బాక్సూ జరిగింది. కుడి భుజం పక్క గోడకు ఆనించి, మధ్యలో ఎవరూ పట్టనంతగా ఇరికి నిలబడమన్నాం. అప్పుడు మాత్రం ఆమె ముఖం మీద పడింది.

యాదమ్మ స్క్రీన్ దగ్గరికి వచ్చి ఆ ఖాళీ బాక్స్‌ను చాలాసేపు చూసింది. తర్వాత చేయి పైకెత్తి, తన భుజం పక్కన గాలిలో ఎత్తు కొలిచి చూసుకుంది.

"గింతే ఉంటడు," అంది.

"ఎవరు?" అన్నాను.

"మా ఆయన."

ఆమె భర్త మల్లేశ్ తాపీ పని చేసేవాడట. ఆరేళ్ల కింద ఇంట్లో గొడవపడి వెళ్లిపోయాడు. బతికున్నాడో లేడో తెలియదు. ఆమె మెట్టెలు తీయలేదు. అత్త రోజూ కొడుక్కని ఓ ముద్ద అన్నం పక్కన పెట్టేదట. అదంతా ఆ రోజే తెలిసింది నాకు.

"నాతోని నడిస్తే కుడి దిక్కే నడుస్తుండె మేడం. ఇగ లేడన్నట్టే గద?"

ఇక్కడే నేను చేసిన తప్పు ఉంది. మిషన్ తప్పు పోతుందమ్మా, ఇలాంటివి పట్టించుకోకు అని ఒక్క మాట అనాల్సింది. అనలేదు. ఆ క్షణాన ఆమె పక్కన ఎవరో ఉన్నారనే నాకూ అనిపించింది. ఊరుకున్నాను. ఆమె ఆ మౌనాన్నే జవాబుగా తీసుకుంది. తెల్లగోడ ఉన్న కార్డు అడిగి తీసుకుని జాకెట్‌లో దోపుకుని వెళ్లిపోయింది.

వారం తర్వాత సెలవు పెట్టింది. గడ్డితో బొమ్మ చేసి కాల్చి, మల్లేశ్‌కు దినాలు చేశారని తోటివాళ్లు చెప్పారు. తిరిగొచ్చినప్పుడు నుదుటన బొట్టు లేదు, కాళ్లకు మెట్టెలు లేవు. నాకు తలెత్తి చూడటానికి మనసొప్పలేదు. అన్నం పక్కన పెట్టడం మానేసిన అత్త, తను తినడం కూడా మానేసిందట. నెల తిరక్కుండానే పోయింది.

బతుకమ్మ పండుగ ముందర, ఓ సాయంత్రం డ్యూటీ దిగి వెళుతుంటే గేటు దగ్గర యాదమ్మ కనబడింది. పక్కన గడ్డం పెరిగిన మనిషి తలొంచుకుని నిలబడి ఉన్నాడు.

మల్లేశ్.

యాదమ్మే చెప్పింది. ఇన్నేళ్లూ షోలాపూర్ దిక్కు పనులు చేసుకుంటూ ఉన్నాడట. అమ్మను చూడాలనిపించి వచ్చాడు. ఇంటికి చేరేసరికి గోడ మీద అమ్మ ఫోటోకు దండ వేసి ఉంది, దాని పక్కనే తన ఫోటోకూ ఉంది.

"నన్ను క్షమించు యాదమ్మా, ఆ రోజే చెప్పాల్సింది, నావల్లే..." అన్నాను.

"మీరేం జేసిన్రు మేడం. మీరేం అనలే. నేనే అనుకున్న," అంది.

భర్తను చాయ్ బండి దగ్గరికి పొమ్మని పంపింది. అతను దూరమయ్యేదాకా ఆగింది. నా దగ్గరికి జరిగి, అతనికి వినబడకుండా అడిగింది.

"ఈయన బతికే ఉండె గద. మరి గా దినం నా పక్కపొంటి నిలవడ్డది ఎవలు మేడం?"

ఆమె కుడి పక్కకు ఓసారి తల తిప్పి, చాయ్ బండి వైపు వెళ్లిపోయింది.

రెడ్డెప్ప ఇప్పటికీ వెలుతురే అంటాడు. కానీ ఆ మాట అనేటప్పుడు నా కళ్లలోకి చూడడు. ఆ తర్వాత వందల ఫోటోలు కత్తిరించాను, ఒక్కటి కూడా అలా రాలేదు. నేను వెతకని కారణం లేదు, దొరికిందీ లేదు.

వచ్చే నెల హౌస్‌కీపింగ్ వాళ్ల కార్డుల గడువు తీరుతుంది. అందరికీ మళ్లీ ఫోటోలు తీయాలి. ఈసారి ఆ పని వేరేవాళ్లకు ఇవ్వమని మా మేనేజర్‌ను అడిగాను. ఎందుకని అడిగాడు. కళ్లు నొప్పని చెప్పాను.