పన్నెండో చట్రంలో చంటిది

మంచుకొండ మీద తాను ఎన్ని మొక్కలు పుట్టించాడో దేవుడు ఎప్పుడైనా మరిచిపోతే, దిగొచ్చి మా అమ్మమ్మ తలుపు తట్టాల్సిందే. బూట్ల బురద దులుపుకోకపోతే ఆయన్నీ గుమ్మంలోనే నిలబెడుతుందనుకోండి, అది వేరే సంగతి.

ఆవిడ కొండ ఆఫీసులో నేల తుడిచే పనికి చేరింది. మొక్కలు లెక్కపెట్టే ఉద్యోగికి కాలు బెణికిన రోజున, వేరే మనిషి దొరక్క, లెక్కకు వాడే చట్రమిచ్చి ఆవిడను పైకి పంపారు. ఆ చట్రం ఇక ముప్పయ్యారేళ్లు ఆవిడ చేతిలోంచి దిగలేదు. చట్రమంటే మీటరు పొడవు, మీటరు వెడల్పున నాలుగు చెక్క బద్దలు, మధ్యలో దారాలు కట్టి చేసిన వంద గళ్లు. కొండ నడుము నుంచి కొన దాకా పన్నెండు చోట్ల రాతిలో మేకులు దిగ్గొట్టి ఉంటాయి. కిందినుంచి ఒకటో చట్రం, రెండో చట్రం అని ఆ చోట్ల పేర్లు. ఏటా మంచు కరగ్గానే ఆ మేకుల మధ్య చట్రం పరిచి, బోర్లా పడుకుని, ఏ గడిలో ఏ మొక్క ఉందో లెక్కల పుస్తకంలో రాయాలి.

ఆఫీసువాళ్ల పేర్లకు ఆవిడ నోరు తిరగలేదు. సొంత పేర్లు పెట్టేసుకుంది. కిందినుంచి పిలవకుండా వచ్చి, కాళ్లు చాపుకుని, ఇక కదలని గడ్డి అల్లుడు. రాతి పగుల్లో గుప్పెడంత దిండులా ముడుచుకుని, చలి ఉంటేనే బతికే నీలిపూల మొక్క చంటిది. ఓ ఏడు గుమాస్తా ఆవిడ రాసింది రాసినట్టే టైపు కొట్టి పంపేశాడు. పెద్దాఫీసు నుంచి జవాబొచ్చింది: "ఐదో చట్రంలో అల్లుడు పదకొండు గళ్లు ఆక్రమించినట్లు తెలిసింది. సదరు వ్యక్తి ఎవరి అల్లుడో తెలిపి, తక్షణం ఖాళీ చేయించగలరు."

ఆఫీసంతా కడుపు పట్టుకుని నవ్వింది. అమ్మమ్మ నవ్వలేదు.

"ఖాళీ చేసేది వాడు కాదు," అంది.

ఆవిడ చేరిన కొత్తలో నాలుగో చట్రం నుంచి పైదంతా చంటిదే. ఎండలు ముదిరి, మంచు ఏటికేడు ముందే కరిగిపోతుంటే అల్లుడు ఒక్కో మెట్టూ ఎక్కాడు. నాలుగు పోయింది, ఏడు పోయింది, పదీ పోయింది. ఆవిడ పని మానేసే ఏటికి చంటిదానికి మిగిలింది పన్నెండో చట్రం ఒక్కటే. దానిపైన ఆకాశం. ఆకాశంలో మేకు దిగదు.

ఇప్పుడు మోకాళ్లు ఆవిడను వీధి చివరిదాకా కూడా నడవనివ్వవు. పొద్దున్నే కిటికీ అద్దం అరచేత్తో తుడిచి, ఎదురింటి నీళ్ల ట్యాంకు పక్కనుంచి కనిపించే కొండ కొన వైపు చూస్తూ కూర్చుంటుంది. టీ తొరకకట్టి చల్లారిపోతుంది. ఈ ఏడు మంచు కరిగి, రాతి నల్లమచ్చ నెల ముందే తేలింది.

"చంటిదాన్ని అప్పుడే లేపేశారు," అని గొణిగింది. "నిద్ర చాలకపోతే అది పూయదు."

రెండ్రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు, పదో తరగతి రెండుసార్లు తప్పిన మనవరాలిని (ఇది రాస్తున్న మహాతల్లినే) పిలిచింది.

"ఒక్కసారి పైకెళ్లి చూసి రావే. చంటిది ఉందో లేదో చెప్పు, చాలు."

"నాకు లెక్కలు రావుగా అమ్మమ్మా!"

"ఒకటి దాకా వస్తాయిగా. వెళ్లు."

మనవరాలు అటక మీది పాత చట్రాన్ని తాబేలులా వీపున వేసుకుని వెళ్లి, మర్నాడు సాయంత్రం మోకాళ్లు గీరుకుపోయి దిగింది. అమ్మమ్మ గుమ్మం పట్టుకుని నిలబడే ఉంది.

"ఉందా?"

"ఉంది. మూడు పూలు."

ఆ ముఖంలో పదేళ్ల వయసు రాలిపోయింది. "వాసన చూశావా?"

"చూడకుండా వస్తానా? ఎంత కమ్మగా ఉందో!"

అమ్మమ్మ గుమ్మంలోనే కూర్చుంది. చట్రం అందుకుని ఒళ్లో పెట్టుకుంది. దారాల మధ్య ఇరుక్కున్న గడ్డిపోచను మెల్లగా లాగి, వేళ్ల మధ్య తిప్పి చూసింది. అల్లుడు.

"చంటిదానికి వాసన లేదే, పిచ్చిమొహమా."

మనవరాలు వంగి బూట్ల బురద దులపడం మొదలెట్టింది. "పోనీలే అమ్మమ్మా. నీ కథ రాస్తాగా, అందులో పూయిస్తాలే."

"కథలో నీ ఇష్టమొచ్చినన్ని పూయించుకో. నా పుస్తకంలో పన్నెండో చట్రం ఎదురుగా మాత్రం సున్నా పెట్టు. బళ్లో నీకు అలవాటేగా."