లెన్స్ బయటికొస్తే చాలు
చీపురుపల్లి గాజుల కొట్టు ఝాన్సీలక్ష్మికి తన చిన్న డిజిటల్ కెమెరా అంటే ప్రాణం. ఎర్ర పౌచ్‌లోంచి తీసి, తాడు మణికట్టుకి తగిలించుకుని బటన్ నొక్కితే, లెన్స్ తాబేలు తలలా జుయ్యిమంటూ బయటికొచ్చేది. అంతే! అంతవరకూ జుట్టూ జుట్టూ పట్టుకోబోతున్న అత్తా, తోటికోడలూ చీర కుచ్చిళ్లు సర్దుకుని పళ్లికిలించేవారు. ఫ్లాష్ వెలిగేసరికి తగువు ఎక్కడ ఆగిందో ఇద్దరికీ గుర్తుండేది కాదు. ఫొటో చూపించమంటే, "కడిగించాక సూద్దురు" అని మళ్లీ పౌచ్‌లో పెట్టేసేది.

ఓ రోజు అత్త నారాయణమ్మకి ఓపిక నశించి, కెమెరా అడుగున బ్యాటరీ మూత తెరిచేసింది.

"ఏటే, ఇందులో సిప్పు నేదేటి? ఇన్నాళ్లూ ఒట్టి లైటుకే నవ్వించేసినావా?"

ఝాన్సీ తన తమ్ముడి పెళ్లి ఫొటోలున్న చిప్పుని ఈ మొహాల కోసం చెరపడం ఇష్టం లేక, ఎప్పుడో తీసి దాచేసింది మరి.

మర్నాడు ఝాన్సీ భర్త మీద గొంతు చించుకుని అరుస్తుంటే, పక్కనే జుయ్యిమని వినిపించింది. కెమెరా పట్టుకుని అత్త.

"ఒసే కోడలా, ఇటు సూడు!"

అందులో చిప్పు లేదని ఝాన్సీకి తెలీదా? అయినా సరే, చెయ్యి దానంతటదే ముంగురులు సర్దేసింది.